బ్యాగు ముందు, ఊరు తర్వాత: లగ్జరీ షాపింగ్‌కి నగరాలను పోల్చి చూసే పద్ధతి

"అత్తా, బ్యాగు పారిస్‌లో కొననా, వచ్చేటప్పుడు దుబాయ్‌లో కొననా?"

రాత్రి పదకొండింటికి మా మేనకోడలు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. హనీమూన్‌కి యూరప్ టికెట్లు తీసుకున్నారు, తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో ఒకరోజు ఆగుతారు. "ఏ బ్యాగు?" అన్నాను. "ఏదో ఒక మంచి బ్రాండ్‌ది" అంది. ఆ జవాబు పట్టుకుని ఏ ఊరికీ మార్కులు వేయలేం. పారిస్‌లో షాపులు ఎక్కువ, దుబాయ్‌లో మాల్ పెద్దది, లండన్‌లో వెరైటీ ఉంటుంది అంటూ తెల్లారేదాకా మాట్లాడుకోవచ్చు. ఎక్కడ కొంటే ఎంత మిగులుతుందో మాత్రం తేలదు.

ఆరేడేళ్లుగా ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ ఈ లెక్కలు కట్టిపెడుతున్నాను. ఒక తెల్లకాగితం, పెన్ను, గంటన్నర టైమ్ ఉంటే చాలు. కాగితం పైన ఊరి పేరు రాయకండి, కొనబోయే వస్తువు పేరు రాయండి.

మొదటి అడుగు: కొనేది ఏ రకం వస్తువో తేల్చుకోండి

లగ్జరీ అని మనం పిలిచేవన్నీ నాకు మూడు రకాలుగా కనిపిస్తాయి.

ఒకటి, ఏ దేశంలో కొన్నా అచ్చంగా అదే వస్తువు. లూయి వితాన్ బ్యాగు, కార్టియర్ వాచీ, గుచ్చి బెల్టు లాంటివి. వీటికి ఊరు మారితే మారేది ధర, పన్ను, స్టాకు మాత్రమే.

రెండు, ఆ ఊరికి వెళితేనే దొరికేవి. లండన్ సావిల్ రోలో కొలతలిచ్చి కుట్టించుకునే సూటు ఇలాంటిదే. కొలతలు ఒకసారి, ట్రయల్స్ మళ్లీ మళ్లీ ఉంటాయి కాబట్టి ఒక్క ట్రిప్‌లో అయ్యే పని కాదు. టోక్యోలో మాత్రమే షాపు ఉన్న చిన్న డిజైనర్లు, మిలాన్ సందుల్లోని చేతి గ్లవ్స్ షాపులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వీటికి ధరల పోలిక అనవసరం, ఊరే వాటి విలువ.

మూడు, మన పెళ్లి బట్టలు. లెహంగా, షేర్వానీ, మగ్గం వర్క్ బ్లౌజు, పట్టుచీర. వీటికి పారిస్‌తో పనిలేదు. పోటీ ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్ మధ్యే. దాని గురించి కింద వివరంగా రాశాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ డబ్బు పోసేది అక్కడే.

మా మేనకోడలికి కావలసింది మొదటి రకం. రెండు రోజులు ఆలోచించి మోడల్, సైజు, రంగు చెప్పింది. అప్పుడు కాగితం తీశాను.

రెండో అడుగు: ఇల్లు చేరేసరికి అయ్యే ధర

పెద్ద బ్రాండ్ల వెబ్‌సైట్లలో పైనో కిందో దేశం మార్చుకునే చోటు ఉంటుంది. ఫ్రాన్స్ పెట్టి ధర రాసుకోండి, తర్వాత ఇటలీ, యూఏఈ, జపాన్, చివర్లో ఇండియా. అన్నీ ఒకే రోజు చూడండి. ఈ బ్రాండ్లు ఏడాదిలో ఒకటి రెండుసార్లు ధరలు పెంచుతాయి, పోయిన నెల ఎవరో యూట్యూబ్‌లో చెప్పిన అంకె ఈ నెలకి పనికిరాదు. ఇంకో తిరకాసు ఉంది. యూరప్‌లో ట్యాగ్ మీద కనిపించే ధరలో పన్ను కలిసే ఉంటుంది. అమెరికాలో కలవదు, బిల్లు దగ్గర కలుపుతారు. ఇది తెలియక "న్యూయార్క్‌లోనే చవక" అనుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ చూపిస్తాను. అంకెలు సులువుగా ఉండటానికి యూరో 100 రూపాయలు అనుకుందాం. పారిస్‌లో బ్యాగు 2,000 యూరోలు, అంటే 2,00,000 రూపాయలు.

మన క్రెడిట్ కార్డు గీస్తే చాలా బ్యాంకులు 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ మార్చినందుకు తీసుకునే ఫీజు), దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. కలిపి 4.13 శాతం, అంటే 8,260 రూపాయలు.

టూరిస్టుకి తిరిగొచ్చే వ్యాట్ (ధరలో కలిసి ఉండే ఆ అమ్మకపు పన్ను), మధ్యవర్తి కంపెనీ ఫీజులు పోను, ఫ్రాన్స్‌లో దాదాపు 12 శాతం. అంటే 24,000 వెనక్కి.

ఇప్పుడు చాలామంది రాయకుండా వదిలేసే వరుస: శంషాబాద్‌లో కస్టమ్స్. విదేశం నుంచి వచ్చే మనకు డ్యూటీ లేకుండా తెచ్చుకునే పరిమితి 2016 నిబంధనల్లో 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనలు దాన్ని 75,000 చేశాయి. దాటిన దాని మీద చాలాకాలంగా ఉన్న రేటు 38.5 శాతం. ఆ లెక్కన మిగతా 1,25,000 మీద 48,125 కట్టాలి. బిల్లు మీద ఉన్న ధరనే నేను లెక్కలోకి తీసుకున్నాను. పరిమితినీ రేటునీ ప్రయాణానికి వారం ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసి మీ కాగితం మీద దిద్దుకోండి.

మొత్తం 2,32,385. అదే బ్యాగు ఇండియాలో 2,45,000 ఉంటే పారిస్‌లో మిగిలేది పన్నెండు వేల చిల్లర. మరీ తక్కువేం కాదు. కానీ "పారిస్‌లో సగం ధరకే" అని పెళ్లిళ్లలో వినిపించే కబుర్లకీ దీనికీ చాలా దూరం.

దుబాయ్ వరుస కూడా వేద్దాం. యూరప్ బ్రాండ్లు సాధారణంగా అక్కడ కాస్త ఎక్కువ ధర పెడతాయి. పన్నుతో కలిపి 2,15,000 అనుకోండి. కార్డు ఖర్చు 8,880. వ్యాట్ 5 శాతమే కాబట్టి వెనక్కి వచ్చేది దాదాపు 8,600. కస్టమ్స్ 53,900. మొత్తం 2,69,000 దాటింది. ఇండియా ధర కన్నా ఎక్కువ! మా మేనకోడలి ప్రశ్నకి జవాబు అక్కడే దొరికింది.

ఇదే లెక్క 600 యూరోల పర్సుకి వేయండి. 60,000కి కార్డు ఖర్చు 2,478 కలిపి, రీఫండ్ 7,200 తీసేస్తే 55,278. పరిమితి లోపలే ఉంది కాబట్టి కస్టమ్స్ లేదు, వేరే కొన్నవి ఏమీ లేకపోతే. అందుకే నేను అందరికీ చెప్పేది, విదేశాల్లో చిన్న వస్తువు కొంటే నిజంగా కలిసొస్తుంది. పర్సు, స్కార్ఫ్, బెల్టు, కళ్లజోడు.

"మేమిద్దరం ఉన్నాం కదా, ఇద్దరి పరిమితీ కలిపి ఒక బ్యాగుకి వాడుకుంటాం" అని అడుగుతారు. కుదరదు. ఒకరి పరిమితి ఇంకొకరి వస్తువుకి కలపడానికి నిబంధనలు ఒప్పుకోవు. "పెట్టె పారేసి భుజానికి తగిలించుకుని వచ్చేస్తే?" అనేది తర్వాతి ప్రశ్న. పట్టుబడితే డ్యూటీతో పాటు జరిమానా, కొన్నిసార్లు వస్తువే పోతుంది. రెడ్ చానెల్‌లో, అంటే డ్యూటీ పడే వస్తువు ఉందని చెప్పుకునే వరుసలో, నిలబడి కట్టేసి వచ్చినవాళ్లకి కనీసం టెన్షన్ ఉండదు. లక్షలు పెట్టి కొన్నది గుండె దడతో తెచ్చుకోవడం ఏం సరదా?

అమెరికాలో ఉండే మనవాళ్లకి ఈ చివరి వరుస వేరు. యూరప్ నుంచి తిరిగి వెళ్లేటప్పుడు వాళ్ల పరిమితి మనిషికి 800 డాలర్లు. ఒకే ఇంట్లో ఉండే కుటుంబం అయితే దాన్ని కలిపి వాడుకోవచ్చు కూడా.

మూడో అడుగు: ఊరి పన్ను జాతకం

ఫ్రాన్స్‌లో వ్యాట్ 20 శాతం. రీఫండ్‌కి ఒక షాపులో కొన్నది 100 యూరోలు దాటాలి. ఇటలీలో 22 శాతం, అక్కడ ఈ కనీస మొత్తం ఒకప్పుడు 154 యూరోల పైన ఉండేది, 2024లో 70కి దించారు. చిన్నచిన్నవి కొనేవాళ్లకి మిలాన్ అందుకే నచ్చుతుంది.

లండన్ సంగతి పూర్తిగా మారిపోయింది. వ్యాట్ అక్కడా 20 శాతమే, కానీ 2021 జనవరి 1 నుంచి గ్రేట్ బ్రిటన్‌లో టూరిస్టులకి షాపింగ్ మీద రీఫండ్ ఎత్తేశారు. షాపు వాళ్లే నేరుగా విదేశీ చిరునామాకి పంపితే తప్ప ఆ 20 శాతం మీరు భరించాల్సిందే. "లండన్ హ్యారడ్స్ స్టోర్‌లో కొన్నాను, ఎయిర్‌పోర్టులో వెనక్కి ఇస్తారు" అని ఇప్పటికీ నమ్మేవాళ్లు ఉన్నారు. పాత ప్రయాణికుల సలహాలు ఎంత ప్రేమగా చెప్పినా తేదీ చూసి తీసుకోవాలి.

జపాన్‌లో వినియోగ పన్ను 10 శాతం. 5,000 యెన్‌ల పైన కొంటే పాస్‌పోర్టు చూపించగానే బిల్లులోనే తీసేయడం ఇన్నాళ్ల పద్ధతి. 2026 నవంబర్ 1 నుంచి ముందు పూర్తిగా కట్టి, దేశం వదిలేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతికి మారుస్తున్నారు. సింగపూర్‌లో జీఎస్టీ 2024 నుంచి 9 శాతం, రీఫండ్‌కి కనీసం 100 సింగపూర్ డాలర్ల కొనుగోలు ఉండాలి. యూఏఈలో 5 శాతం, కట్టిన పన్నులో చాలాభాగం వెనక్కి ఇస్తారు, ఒక్కో బిల్లుకి చిన్న ఫీజు పట్టుకుని. హాంకాంగ్‌లో అసలు అమ్మకపు పన్నే లేదు.

న్యూయార్క్ నగరంలో అమ్మకపు పన్ను 8.875 శాతం, టూరిస్టులకి రీఫండ్ లేదు. ఒక్కోటి 110 డాలర్లలోపు బట్టలకీ చెప్పులకీ మాత్రం మినహాయింపు, అది మన విషయానికి పనికిరాదు. నది దాటి న్యూజెర్సీకి వెళితే కథ వేరే. అక్కడ బట్టలకీ బూట్లకీ ధర ఎంతైనా పన్ను లేదు, ఫర్ కోట్లు తప్ప. ఎడిసన్‌లో చుట్టాలింట్లో దిగిన మనవాళ్లు రెండు వేల డాలర్ల కోటు కొనడానికి మన్‌హటన్ పరుగెత్తడం అనవసరం. బ్యాగులకీ వాచీలకీ మాత్రం న్యూజెర్సీలో కూడా 6.625 శాతం పడుతుంది.

నాలుగో అడుగు: రీఫండ్ చేతికి వచ్చే దారి

ఇక్కడ నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. మిలాన్‌లో కొన్న కోటుని నీట్‌గా మడిచి పెద్ద సూట్‌కేస్‌లో పెట్టి, చెకిన్ కౌంటర్‌లో వేసేసి, ఫారం పట్టుకుని కస్టమ్స్ దగ్గరికి వెళ్లాను. ఆ ఆఫీసరు ఫారం చూశాడు, నా ఖాళీ చేతులు చూశాడు. "కోటు ఏదీ?" అన్నాడు. అప్పటికి అది బెల్టు మీద విమానం కడుపులోకి వెళ్లిపోయింది. రీఫండ్ పోయింది, పన్నెండు వేలకి దగ్గర. తప్పు పూర్తిగా నాదే.

కాబట్టి వరుస ఇది. బ్యాగేజీ వేసే ముందు కస్టమ్స్. పారిస్ ఎయిర్‌పోర్టుల్లో పాబ్లో అనే మెషీన్లు ఉంటాయి, ఫారం మీద బార్‌కోడ్ చూపిస్తే పచ్చ తెర వస్తుంది, పని అయిపోయినట్టే. ఎర్ర తెర వస్తే పక్కనున్న కౌంటర్‌లో వస్తువు చూపించాలి. వస్తువు వాడకుండా, ట్యాగులతో ఉండాలి. షాపులో పాస్‌పోర్టు అడుగుతారు, ఫోనులో ఫోటో చూపిస్తే కొన్నిచోట్ల ఒప్పుకోరు. అసలుది వెంట ఉంచుకోండి.

యూరోపియన్ యూనియన్‌లో నాలుగు దేశాలు తిరిగితే, స్టాంపు వేయించుకోవలసింది యూనియన్‌ని వదిలే చివరి చోట. పారిస్‌లో కొని, తర్వాత రోమ్ చూసి అక్కడి నుంచి హైదరాబాద్ విమానం ఎక్కుతుంటే రోమ్‌లో. దోహా, దుబాయ్‌లో విమానం మారడంతో దీనికి సంబంధం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారుతుంటే కాస్త చూసుకోవాలి. వస్తువు చెకిన్ సూట్‌కేస్‌లో ఉంటే బయల్దేరిన ఊళ్లోనే, చేతి సామానులో ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో. నేను చేతి సామానే పెట్టుకుంటాను, ఇంకోసారి కోటు పోగొట్టుకునే ఓపిక లేదు.

బిల్లు కట్టేటప్పుడు మెషీన్ మీద "రూపాయల్లోనా, యూరోల్లోనా?" అని అడుగుతుంది. రూపాయలు చూడగానే సొంతూరి మనిషి కనిపించినంత సంతోషం కలుగుతుంది. నొక్కకండి. యూరోలే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే ఆ మెషీన్ వాళ్లు తమకు నచ్చిన రేటు కడతారు.

ఐదో అడుగు: కాళ్లతో కొలవండి

డబ్బు లెక్క అయ్యాక ఊరు తిరిగే లెక్క. నగరాల పోలికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మిలాన్ అరచెయ్యంత ఊరు. మోంటెనాపొలియోనే, స్పీగా, మంజోని, కోర్సో వెనెజియా అనే నాలుగు వీధుల మధ్య చతురస్రంలోనే దాదాపు అన్ని పెద్ద పేర్లూ ఉన్నాయి. మోంటెనాపొలియోనే మెట్రో స్టేషన్‌లో దిగితే మధ్యలోనే తేలతారు. 2024లో అద్దెల విషయంలో ఆ వీధి న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూని దాటి ప్రపంచంలోనే ఖరీదైన వీధి అనిపించుకుంది, పొడవు మాత్రం మన కోఠి సుల్తాన్‌బజార్‌లో బేరమాడుతూ నడిచినంత కూడా ఉండదు. కాస్త దూరంలో, డ్యువోమో అనే పెద్ద చర్చి పక్క గ్యాలరియా అనే పాత షాపింగ్ భవనంలో 1913లో తెరిచిన ప్రాడా మొదటి షాపు ఇప్పటికీ నడుస్తోంది. ఒక్క పూట మాత్రమే ఉంటే నా ఓటు మిలాన్‌కే.

పారిస్ అలా దొరకదు, పరుచుకుని ఉంటుంది. మోంతేన్ అవెన్యూలో డియోర్, అక్కడి నుంచి దూరంగా ఫోబూర్ సెంత్ ఒనొరె వీధిలో 1880 నుంచి 24వ నంబరులో ఉన్న హెర్మెస్, కాంబోన్ వీధి 31లో షనెల్, నగల కోసం వాందోమ్ చౌక్. ఒకరోజులో అన్నీ చూడాలనుకుంటే సాయంత్రానికి మడమలు ఉండవు. నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే గ్యాలరీ లఫాయెత్ లాంటి డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి వెళ్లండి. బోలెడు బ్రాండ్లు ఒకే కప్పు కింద, ఒకే రోజు బిల్లులు కలిపి ఒకే రీఫండ్ ఫారం. పైగా 1912 నాటి ఆ రంగు గాజు గుమ్మటం కింద నిలబడటానికి టికెట్ లేదు. కాకపోతే ఆ కౌంటర్లలో స్టాకు సొంత షాపులో ఉన్నంత లోతుగా ఉండదు.

స్టాకు మాట వచ్చింది కాబట్టి, పారిస్ హెర్మెస్‌లో తోలు వస్తువు కావాలంటే ముందురోజే ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్‌కి పేరు ఇవ్వాలి, అదృష్టం ఉంటే వస్తుంది. వచ్చినా వాళ్ల పేరుమోసిన బర్కిన్ బ్యాగు చూపిస్తారని హామీ లేదు. దానికోసమే టికెట్ కొనుక్కోవద్దు. కొనకపోయినా చూడదగ్గది సేవ్ర్ వీధిలోని హెర్మెస్: పాత ఈతకొలనులో కట్టిన షాపు.

టోక్యోలో గింజా, ఓమోతెసాండో అనే షాపింగ్ పేటలు రెండూ భవనాల కోసమే వెళ్లదగ్గవి. గింజా హెర్మెస్ గాజు ఇటుకల భవనం 2001లో రెంజో పియానో గీసింది, చీకటి పడ్డాక లాంతరులా వెలుగుతుంది. వారాంతం మధ్యాహ్నాలు గింజా పెద్ద వీధిలో వాహనాలు ఆపేస్తారు, రోడ్డు మధ్యలో నడవచ్చు. అయితే టోక్యోకి నేను మార్కులు వేసేది సెకండ్‌హ్యాండ్ షాపులకి. కొమెహ్యో లాంటి చోట్ల ప్రతి బ్యాగుకి ఒక గ్రేడు చీటీ ఉంటుంది. ఏ, ఏబీ, బీ అని రాసి, మూల అరిగిందా, లోపల సిరా మరక ఉందా, పట్టీ రంగు మారిందా అన్నీ చెబుతారు. గాజు పెట్టెలోంచి తీసి నల్ల గుడ్డ మీద పెట్టి, మరక ఎక్కడుందో అమ్మే మనిషే వేలితో చూపిస్తాడు. కొనేవాడికి లోపం చూపించి అమ్మడం నాకు ఇంకెక్కడా ఎదురవలేదు. 2024లో యెన్ పడిపోయి డాలరుకి 160 దాకా వెళ్లినప్పుడు ప్రపంచమంతా అక్కడికి ఎగబడింది. మారకం రేటు కూడా మీ కాగితం మీద ఒక వరుస.

ఒక హెచ్చరిక. మొసలి, కొండచిలువ తోలు బ్యాగులు, అలాంటి వాచీ పట్టీలు కొంటే సైటిస్ (అరుదైన జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. సెకండ్‌హ్యాండ్‌లో ఆ కాగితాలు చాలాసార్లు ఉండవు. వదిలేయడం మేలు. ఇటలీలో ఫుట్‌పాత్ మీద నకిలీ బ్యాగు కొంటే కొన్నవాడికే జరిమానా పడుతుంది, అది 7,000 యూరోల దాకా ఉండొచ్చు.

దుబాయ్ మాల్ గురించి చెప్పేది తక్కువ. 2008లో తెరిచారు, పన్నెండు వందల పైన షాపులు, బయట 45 డిగ్రీలు ఉన్నా లోపల శాలువా కావాలి. చంటిపిల్లలతో, అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకి ఇంతకన్నా సుఖమైన చోటు లేదు. ధరకి మాత్రం పైన లెక్క చూశారు కదా. సింగపూర్ ఆర్చర్డ్ రోడ్ కూడా దాదాపు ఇదే బాపతు, కాకపోతే మెట్రో దిగి నేరుగా అయాన్ మాల్‌లోకి నడవచ్చు.

ఆరో అడుగు: ఎప్పుడు వెళ్తున్నారు?

ఫ్రాన్స్‌లో సేల్ తేదీలు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకటి, జూన్ చివర్లో ఒకటి, ఒక్కోటి నాలుగు వారాలు. ఇటలీలో జనవరి మొదట్లో, జులై మొదట్లో. బట్టలు, బూట్లు కొనేవాళ్లు టికెట్లే ఆ తేదీలకి మార్చుకోవచ్చు. లూయి వితాన్, షనెల్, హెర్మెస్ బ్యాగుల కోసం అయితే మార్చుకోకండి, అవి ఆ సేల్‌లోకి రావు. ఆగస్టులో పారిస్ చిన్న బొటీకులు చాలావరకు తాళాలు వేసి సెలవులకి పోతాయి.

ఏడో అడుగు: మన పెళ్లిళ్లకి మన ఊళ్లు

ఇక్కడ పన్ను వరుస తీసేయండి, దాని బదులు "ఎన్నిసార్లు వెళ్లాలి" అని రాయండి. డిజైనర్ లెహంగాకి ఆర్డరు, ట్రయల్, ఫైనల్ ఫిట్టింగ్ కలిపి తక్కువలో తక్కువ మూడు రాకపోకలు. ఎంబ్రాయిడరీ భారీగా ఉంటే నాలుగు నుంచి ఆరు నెలలు. విజయవాడ పెళ్లికూతురు ఢిల్లీలో ఆర్డరిస్తే, వెంట అమ్మ, పిన్ని, ఒక స్నేహితురాలు. మూడుసార్లు నలుగురికి విమానం, హోటల్. ఈ అంకెని లెహంగా ధరకి కలిపి చూడండి, అప్పుడు హైదరాబాద్ ధర చూడండి.

అయినా ఢిల్లీకే వెళ్లాల్సిన సందర్భం ఉంటుంది. ఒకే రోజు ఎక్కువమంది డిజైనర్లని పక్కపక్కన చూసి తేల్చుకోవాలంటే ఢిల్లీకి సాటి లేదు. వసంత్ కుంజ్‌లో 2008 నుంచి ఉన్న డీఎల్‌ఎఫ్ ఎంపోరియోలో విదేశీ బ్రాండ్లూ మన డిజైనర్లూ ఒకే చోట. మెహ్రౌలీలో పెద్ద డిజైనర్ల సొంత షోరూములు. అంత బడ్జెట్ లేకపోతే షాపూర్ జాట్ సందులు, అక్కడ కొత్త డిజైనర్ల దగ్గర మాట్లాడి మార్పులు చేయించుకోవచ్చు. ముంబయిలో కాలాఘోడా, హార్నిమన్ సర్కిల్ చుట్టుపక్కల పాత రాతి భవనాల్లోని షోరూములు చూడటానికే బావుంటాయి. సబ్యసాచి 2023లో తెరిచిన పెద్ద షోరూమ్ అక్కడే, పాత బ్యాంకు భవనంలో. విదేశీ బ్రాండ్ల కోసం అదే ఏడాది బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ (బీకేసీ)లో జియో వరల్డ్ ప్లాజా వచ్చింది. అమెరికాలో ఉండి రాలేని పిల్లలకి న్యూయార్క్ క్రిస్టఫర్ వీధిలో సబ్యసాచి, దుబాయ్ మాల్‌లో మనీష్ మల్హోత్రా ఉన్నాయి.

హైదరాబాద్‌ని నేను బంజారాహిల్స్ బోర్డులు లెక్కపెట్టి కొలవను. మన బలం చేనేతలో, మగ్గం పనిలో ఉంది. జాందానీకి జాతీయంగా పేరు తెచ్చిన గౌరంగ్ షా ఈ ఊరివాడే. పోచంపల్లి ఇక్కత్ నేసే ఇంటికి నగరం నుంచి పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. గద్వాల, నారాయణపేట, ఉప్పాడ, వెంకటగిరి చీర చూసి, దానికి తగ్గ బ్లౌజు ఇక్కడే మగ్గానికి ఇచ్చి, వారం వారం వెళ్లి చూసుకునే సౌకర్యం ఢిల్లీ ఇవ్వలేదు.

ఏ ఊళ్లో అయినా షోరూములో అడుగుపెట్టాక చేయాల్సిన పని ఒకటుంది. లైట్ల కింద బొమ్మకి తొడిగింది చూసి మురిసిపోకుండా, దాన్ని తిరగేయమని అడగండి. బ్లౌజు లోపలివైపు చూస్తే అంతా తెలుస్తుంది. జర్దోసీ దారం ముడులు వరుసగా బిగిసి ఉన్నాయా, పూసకీ పూసకీ మధ్య దారం వదులుగా వేలాడుతోందా? వేలిగోరుతో నెమ్మదిగా గీకితే పూసలు కదులుతున్నాయా? పక్క కుట్టు దగ్గర వదులుగా ఎంత బట్ట వదిలారు? రెండంగుళాలు వదిలితే పదేళ్ల తర్వాత కూడా వేసుకోవచ్చు, అరంగుళమే ఉంటే ఫోటోలకే. లెహంగా అయితే చేత్తో ఎత్తి బరువు చూసి, నడుము పట్టీ లోపల కాన్వాస్ ఉందో లేదో తడిమి చూడండి. ఆ బరువు మూడు గంటలు మోయాల్సింది పెళ్లికూతురి నడుమే. ఒక పేరున్న షోరూములో మా వదిన కూతురికి చూపించిన లెహంగా తిరగేస్తే, లోపల గమ్‌తో అంటించిన రాళ్లు కనిపించాయి. ధర చేతి ఎంబ్రాయిడరీది. ఏమీ మాట్లాడకుండా థాంక్స్ చెప్పి బయటికి వచ్చాం.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ట్రయల్ ఎన్నిసార్లో, తేదీ తప్పితే ఏం చేస్తారో, సైజు మార్పుకి డబ్బులుంటాయో లేదో బిల్లు మీదే రాయించుకోండి. నోటిమాట సీజన్‌లో ఎవరికీ గుర్తుండదు.

చివరి అడుగు: కొన్నాక

వాచీ అయితే అంతర్జాతీయ వారంటీ కార్డు మీద తేదీ, షాపు స్టాంపు పడ్డాయో లేదో అక్కడే నిలబడి చూడండి. ఆ బ్రాండ్‌కి ఇండియాలో సర్వీస్ సెంటర్ ఉందో లేదో కొనే ముందే తెలుసుకుని కాగితం మీద రాయండి. లేకపోతే బ్యాటరీకి, పట్టీకి కూడా ఊరు దాటించాలి. బ్యాగు నచ్చకపోతే ముంబయి షాపులో మార్చుకోవచ్చా అని పారిస్‌లోనే అడగండి, బ్రాండ్‌ని బట్టి జవాబు మారుతుంది, డబ్బు వాపసు మాత్రం దేశం దాటాక దాదాపు ఎవరూ ఇవ్వరు.

బిల్లు ఒరిజినల్‌ని ఫోటో తీసి మీకే మెయిల్ చేసుకోండి, ఎందుకంటే ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు మన వేసవికి ఏడాదిలోపే మాయమవుతాయి. ఒరిజినల్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలో ఉంచండి. శంషాబాద్‌లో దిగగానే అడిగేది దాన్నే.